మధ్యయుగ ఐర్లండ్‌లో న్యాయమూర్తి: తీర్పుకు తన సొమ్మునే పూచీ పెట్టిన మనిషి

మీ ప్రశ్నను క్లుప్తంగా ఇలా అర్థం చేసుకున్నాను. మధ్యయుగ ఐర్లండ్‌లో ఒక మనిషి న్యాయమూర్తి ఎలా అయ్యేవాడు, ఆయనకు జీతం ఎవరిచ్చేవారు, తీర్పు తప్పితే ఏమయ్యేది, పోలీసూ జైలూ లేని చోట ఆయన మాట ఎలా చెల్లేది అని మీరు అడిగారు. నేను గోదావరి జిల్లాల్లో ముప్పై ఏళ్లుగా సివిల్ దావాలు నడుపుతున్న వకీలును. మధ్యలో కొన్నేళ్లు న్యాయ కళాశాలలో న్యాయ చరిత్ర పాఠం చెప్పాను. ఆ పాఠం కోసమే ఐరిష్ చట్ట గ్రంథాల అనువాదాలు చదవడం మొదలుపెట్టాను, పాఠాలు ఆగిపోయాక కూడా ఆ చదువు ఆగలేదు. కోర్టులో రోజూ చూసే విషయాలతో పోల్చుకుంటూ చదివినవాడిని కనుక ఆ కోణంలోనే సమాధానం ఇస్తాను.

ముందుగా సూటి జవాబు. ఐరిష్ సంప్రదాయంలో న్యాయమూర్తి ప్రభుత్వ ఉద్యోగి కాడు, శాస్త్రం తెలిసిన పండితుడు. రాజు ఆయనను తన ఆస్థానంలో గుర్తించగలడే తప్ప, ఆయన చదువును ఇవ్వలేడు, చట్టాన్ని మార్చి ఆయన చేతికి అందించలేడు. ఆయనకు నెల జీతం లేదు; తగవు విలువలో పన్నెండో వంతు రుసుము, రాజిచ్చిన భూమి, సమాజంలో హోదా, ఇవే ఆయన జీవనాధారం. తీర్పు చెప్పేటప్పుడు అది సరైనదేనని తన సొంత సొమ్మును తాకట్టు ఉంచాలి. ఆ తీర్పును అమలు చేయించే బంట్రోతులు ఆయన దగ్గర ఉండరు. ఇరుపక్షాలూ ముందే నిలబెట్టిన పూచీదారులు, ఊళ్లో పోయే పరువు, ప్రధానంగా ఈ రెండే అమలు యంత్రాంగం.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి, ఎందుకంటే మధ్యయుగ ఐర్లండ్ అన్నప్పుడు రెండు వేర్వేరు న్యాయ ప్రపంచాలు కలగాపులగం అవుతుంటాయి. 1169లో ఆంగ్లో నార్మన్లు వచ్చిన తరువాత, 1210లో ఇంగ్లండ్ రాజు జాన్ తన అధీనంలోని ఐరిష్ ప్రాంతాలలో ఇంగ్లిష్ చట్టమే నడవాలని ఆదేశించాడు. అప్పటి నుంచి డబ్లిన్‌లో రాజు నియమించిన న్యాయమూర్తులు, రికార్డులు, రిట్లు, జిల్లాలు తిరిగే సంచార న్యాయస్థానాలు మొదలయ్యాయి. 1276 నుంచి 1298 వరకు కామన్ ప్లీస్ అనే సివిల్ తగవుల కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న రాబర్ట్ బాగోడ్ ఆ వర్గానికి మంచి ఉదాహరణ. డబ్లిన్‌లోని బాగట్ వీధికి ఆయన కుటుంబం పేరే నిలిచింది. ఆ కోర్టులు మన నేటి కోర్టులకు పూర్వీకులే కనుక వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు: ఆ కోర్టుల తలుపులు గేలిక్ ఐరిష్ ప్రజలలో, అంటే స్థానికులలో, అత్యధికులకు మూసే ఉండేవి. చనిపోయినవాడు ఐరిష్ వాడని రుజువు చేసుకుంటే అతన్ని చంపినవాడి మీద హత్యానేరం నిలిచేది కాదు. మీ ప్రశ్నలో ఉన్న ఆసక్తి రెండో ప్రపంచం గురించి, అంటే బ్రెహన్లు అనే స్థానిక ఐరిష్ న్యాయమూర్తుల గురించి అనుకుంటున్నాను; దాని మీదే నిలుస్తాను.

బ్రెహన్ అన్నది ఇంగ్లిష్ వారి నోట మారిన మాట. పాత ఐరిష్‌లో న్యాయమూర్తిని బ్రిథెవ్ అనేవారు, తీర్పును బ్రెథ్ అనేవారు. బ్రెథ్ అంటే మోయడం అని కూడా అర్థం. ఆ ధాతువూ, సంస్కృతంలోని భృ ధాతువూ, దాని నుంచి మనకొచ్చిన భరించడం అనే మాటా ఒకే మూలానివి. తీర్పు ఇవ్వడమంటే దాన్ని మోయడమే అన్న భావం ఆ పదంలోనే ఉంది, ఆ న్యాయమూర్తి బతుకంతా చూశాక ఆ పేరు ఎంత సరిగ్గా అతికిందో తెలుస్తుంది.

ఆ కాలపు ఐర్లండ్ ఒక్క రాజ్యం కాదు. తూఅత్ అనే చిన్న చిన్న రాజ్యాలు వందకు పైగా ఉండేవి, ప్రతి రాజుకూ ఒక న్యాయమూర్తి ఉండేవాడు. మనకు దొరికే చట్ట గ్రంథాలలో ముఖ్యమైనవి సుమారు 650 నుంచి 750 మధ్య రాసినవి. వాటిలో పెద్ద సంకలనం పేరు షెన్‌ఖస్ మార్, అంటే మహా సంప్రదాయం. ఆ గ్రంథాల ప్రకారం ప్రతి స్వతంత్రుడికీ ఒక ముఖపు వెల ఉంటుంది. వారి భాషలో పరువుకు ముఖం అనే మాటే వాడారు. ముఖం చెల్లడం లేదని, ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలని అనుకునే మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఎవరైనా అవమానిస్తే, మాట తప్పితే, ఒంటి మీద చేయి చేసుకుంటే, ఆ ముఖపు వెల చెల్లించాలి. అంతే కాదు, ఒక మనిషి సాక్ష్యానికీ, ఒప్పందానికీ, పూచీకీ ఎంత బరువుందో కూడా ఆ వెలే నిర్ణయిస్తుంది.

న్యాయమూర్తులలో మూడు తరగతులు ఉండేవి. ఊరకెఖ్ట్ బెగ్ అనే హోదాల గ్రంథం వాటిని వరుసగా చెబుతుంది. వడ్రంగి, కమ్మరి వంటి వృత్తిపనివారి తగవులు మాత్రమే తీర్చగలవాడు మొదటి తరగతి, అంటే అన్నిటికంటే కింది మెట్టు, అతని ముఖపు వెల 7 షేద్‌లు. దేశీయ చట్టమూ కవుల శాస్త్రమూ రెండూ తెలిసినవాడు రెండో తరగతి, 10 షేద్‌లు. ఈ రెంటితో పాటు చర్చి ధర్మశాస్త్రం కూడా తెలిసినవాడు మూడు భాషల న్యాయమూర్తి, అతనికి 15 షేద్‌లు. సొంత పశువులున్న నిలకడైన రైతుకు 5 షేద్‌లు మాత్రమే అన్నది పక్కన పెట్టుకుని చూస్తే ఈ అంకెల బరువు అర్థమవుతుంది. షేద్ అంటే చాలా చోట్ల పాడి ఆవు విలువలో సగం.

మూడు భాషలు అన్నది అలంకారం కోసం చెప్పిన మాట కాదు. పాత చట్టాన్ని కవులు కంఠస్థం చేసే ఛందస్సులో, నిగూఢమైన పదాలతో భద్రపరిచారు. దీని గురించి షెన్‌ఖస్ మార్ పీఠికలో ఒక కథ ఉంది. ఒకప్పుడు తీర్పు చెప్పే అధికారం కవులదేనట. ఫెర్‌ఖెర్త్నె, నేదె అనే ఇద్దరు కవులు కవీశ్వరుడి ఆసనం కోసం వాదించుకున్నప్పుడు వారి మాటలు అక్కడున్న రాజులకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదట. తీర్పులూ జ్ఞానమూ వీరికే దాచుకుంటున్నారని రాజులు ఫిర్యాదు చేయగా, కొన్‌ఖొవర్ రాజు తీర్పు చెప్పే హక్కును కవుల నుంచి తీసివేసి ఇతరులకు కూడా వాటా ఇచ్చాడట. ఇది కథే, చరిత్ర కాదు. కానీ కక్షిదారుకు అర్థం కాని భాషలో న్యాయం జరగకూడదన్న ఆలోచన అంత పాతదని తెలిసినప్పుడు, ఇంగ్లిష్‌లో వచ్చిన డిక్రీ కాగితం పట్టుకుని గెలిచానా ఓడానా అని నన్ను అడిగిన రైతులు గుర్తొచ్చి నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

చదువు ఎలా సాగేదన్న మీ ప్రశ్నకు వస్తాను. పిల్లవాడిని గురువు ఇంట్లో పెంపకానికి ఉంచడం ఐరిష్ సమాజంలో మామూలు విషయం, శాస్త్ర విద్య కూడా ఆ పద్ధతిలోనే సాగేది. సూత్రాలను వల్లించడం, ప్రశ్నోత్తరాలుగా నేర్చుకోవడం, పూర్వపు తీర్పుల కథలు చెప్పుకోవడం అందులో భాగం. నాకు ఎంతో ఇష్టమైన బోధన గ్రంథం ఒకటుంది. అందులో కారత్నియ అనే న్యాయమూర్తి తానిచ్చిన తీర్పులను ఒక్కొక్కటిగా రాజు కొన్‌కు చెబుతాడు. రాజు ప్రతిసారీ అది తప్పుడు తీర్పు అంటాడు. అది నాకు న్యాయమే అని కారత్నియ ఒక కారణం చూపుతాడు. పైకి చూస్తే నియమానికి విరుద్ధంగా కనిపించే ప్రతి తీర్పు వెనుకా ఒక మినహాయింపు ఉంటుంది. అంటే శిష్యుడు నియమాన్నీ, దాని మినహాయింపునూ ఒకే గుక్కలో నేర్చుకుంటాడు. పాఠం చెప్పే రోజుల్లో నేను ఇదే పద్ధతిని పిల్లలతో ప్రయత్నించాను, సెక్షన్ ముందు చెప్పి దాని మినహాయింపు అయిన ప్రొవైజో తరువాత చెప్పడం కంటే ఇది ఎంతో బాగా తలకెక్కింది.

కథలలో కోర్మక్ మాక్ ఐర్త్ తీర్పు ప్రసిద్ధమైనది. రాణి తోటలోని నీలిరంగు తీసే మొక్కలను ఒకరి గొర్రెలు మేశాయి. అప్పటి రాజు లుగైద్, గొర్రెలనే రాణికి ఇచ్చెయ్యాలన్నాడు. అక్కడున్న బాలుడు కోర్మక్, అలా కాదు, కోతకు కోత చాలు, గొర్రెల ఉన్ని ఇస్తే సరిపోతుంది, మొక్కలూ మళ్లీ చిగురిస్తాయి, ఉన్నీ మళ్లీ పెరుగుతుంది అన్నాడు. తప్పుడు తీర్పు వెలువడిన ఆ ఇంటి ఒక పక్క కొండవాలు మీదకు ఒరిగిపోయిందని కథ. మన మర్యాద రామన్న కథలు విన్న వారికి ఈ రుచి తెలిసిందే. అయితే బ్రెహన్ విద్యార్థికి ఇది చమత్కారం కోసం చెప్పిన కథ కాదు. పోయినదానికీ ఇప్పించేదానికీ మధ్య కొలత సరిపోవాలన్న సూత్రాన్ని గుర్తుంచుకోవడానికి కట్టుకున్న ముడి.

ఇక విచారణ రోజు ఎలా ఉండేదో చూద్దాం. అయిదు దారుల గ్రంథం అని పిలవదగిన ఒక రచన దావా నడకను 8 దశలుగా చెబుతుంది: తేదీ నిర్ణయించడం, దారి ఎంచుకోవడం, పూచీ ఇవ్వడం, వాదించడం, ప్రతివాదం, తీర్పు, దాన్ని ప్రకటించడం, ముగింపు. ఆ అయిదు దారుల పేర్లు సత్యం, హక్కు, న్యాయం, ఔచిత్యం, సరైన విచారణ. వాది తరఫున మాట్లాడేవాడు తన తగవు ఏ దారిలో నడవాలో ముందే ఎంచుకోవాలి, ఒక్కో దారికి ఒక్కో రకం పూచీ ఉంటుంది, మధ్యలో దారి మారిస్తే జరిమానా పడుతుంది. ఒక రకం దావా వేసి, అది నిలవదని తెలిశాక ప్లెయింటు సవరణ కోరే పిటిషన్లు ఎన్నో వేసినవాడిగా, ఎన్నో ఎదుర్కొన్నవాడిగా, ఈ నియమం ఎందుకు పెట్టారో నాకు బాగా అర్థమవుతుంది.

న్యాయసభలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే చిన్న గ్రంథం కూడా ఉంది. తీర్పు చెప్పే న్యాయమూర్తులది అసలు సభ. వారి వెనుక సభలో రాజు, బిషప్పు, అన్ని రకాల శాస్త్ర భాషలూ తెలిసిన పండితుడు కూర్చుంటారు. పక్క సభలో వంశావళులు, పూర్వచరిత్ర గుర్తుంచుకునేవారు ఉంటారు. రాజు అక్కడ ఉన్నాడు, కానీ తీర్పును తయారుచేసేది ఆయన కాదు. ఆయన ఉనికి దానికి బలం మాత్రమే. ఈ అమరికను గమనిస్తే న్యాయమూర్తి స్థానం ఏమిటో మరే వివరణా అవసరం లేకుండా తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. న్యాయమూర్తి సువార్త మీద ప్రమాణం చేసి సత్యమే పలుకుతానని చెప్పాలి; ఒక్క పక్షం మాటే విని తీర్పు చెప్పకూడదు; తన తీర్పుకు పూచీగా 5 ఔన్సుల వెండి తాకట్టు ఉంచాలి. తాకట్టు పెట్టడానికి నిరాకరించినవాడికి తీర్పు చెప్పే అర్హత ఉండదు. తప్పుడు తీర్పు ఇచ్చినట్టు తేలితే జరిమానా కడతాడు, పైగా ముఖం పోతుంది.

మా ప్రాంతంలో పాతకాలపు పెద్దమనుషుల తగవులు చూసిన వారికి ధరావతు అనే పద్ధతి తెలుసు. వకాలతుకు వచ్చిన కొత్తలో నేను ఒక బోదె నీళ్ల తగవులో ఒక పక్షం తరఫున అలాంటి చోట కూర్చున్నాను. ఇద్దరు రైతులూ చెరొక ఇరవై వేలు పెద్దల చేతిలో పెట్టారు. తీర్పు ఒప్పుకోనివాడి సొమ్ము తిరిగి రాదని షరతు. ఆ ఏర్పాటు వల్లనే తగవు తెగింది, కోర్టుకు వెళ్లి ఉంటే పదేళ్లు పట్టేది. కానీ తీర్పు చెప్పిన పెద్దలు తమ సొమ్ము ఒక్క రూపాయి కూడా అక్కడ పెట్టలేదు, పెట్టాలని ఎవరికీ తోచలేదు. కక్షిదారులతో పాటు న్యాయమూర్తి కూడా పూచీ పెట్టే వ్యవస్థ గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. న్యాయమూర్తికి సంపూర్ణ రక్షణ లేకపోతే నిర్భయంగా తీర్పు చెప్పలేడన్నది నేటి సిద్ధాంతం, నేను దాన్ని కాదనను. అయినా, తెలియని విషయంలో వేలు పెట్టకుండా ఆపే శక్తి ఆ 5 ఔన్సుల వెండికి ఉందని మాత్రం నమ్ముతాను. మొదటి తరగతి న్యాయమూర్తి తన హద్దు దాటి భూమి తగవు ముట్టుకోడు, ముట్టుకుంటే నష్టపోయేది తనే.

తప్పుడు తీర్పు చెప్పిన న్యాయమూర్తి బుగ్గల మీద బొబ్బలు లేస్తాయన్న నమ్మకం కూడా ఉండేది. షెన్ఖ అనే న్యాయమూర్తి కథ చూడండి. ఐరిష్ చట్టంలో భూమి మీద హక్కు చెప్పుకునేవాడు సాక్షులతో పాటు గుర్రాలను తోలుకుని సరిహద్దు దాటి ఆ భూమిలోకి ప్రవేశించాలి, కొన్ని రోజుల గడువుతో మళ్లీ మళ్లీ ఎక్కువ గుర్రాలతో ప్రవేశించాలి. స్త్రీ హక్కుదారు అయినప్పుడు కూడా పద్ధతి అదేనని షెన్ఖ తీర్పు చెప్పగానే బుగ్గలు పొక్కాయట. బ్రీగ్ అనే ఆమె ఆ తీర్పును సరిదిద్ది, స్త్రీ గుర్రాలతో కాదు, ఆడ గొర్రెలతో, పిండి పిసికే తొట్టితో, జల్లెడతో, స్త్రీ సాక్షులతో ప్రవేశిస్తుందని చెప్పింది. అప్పుడు బొబ్బలు మానాయి. ఐర్లండ్‌లో మహిళా న్యాయమూర్తులు ఉండేవారని చెప్పడానికి బ్రీగ్ పేరును తరచూ వాడుతుంటారు. ఆమె శాస్త్ర కథలోని పాత్ర, పదవిలో ఉన్న చారిత్రక వ్యక్తి కాదు. ఆ తేడా పాటించండి. అయితే స్త్రీల విషయంలో పురుషుల కొలతను యాంత్రికంగా వాడితే అది పక్షపాతమవుతుందని ఆ గ్రంథకర్తలు గ్రహించారన్నది మాత్రం కాదనలేని సంగతి.

తీర్పు వచ్చాక అమలు సంగతి. డిక్రీ రావడం ఒక ఎత్తు, ఇ.పి., అంటే అమలు పిటిషన్, వేసి వసూలు చేయడం ఇంకో ఎత్తు అని మా వకీళ్లు అనుకునే మాట. బ్రెహన్ల చట్టం ఆ రెండో ఎత్తును ముందే ఎక్కించేది. ఒప్పందం జరిగేటప్పుడే మూడు రకాల పూచీదారులను నిలబెట్టేవారు: అసలువాడు కట్టకపోతే తన ఆస్తి నుంచి కట్టేవాడు, అసలువాడిని బలవంతంగానైనా కట్టించేవాడు, తన శరీరాన్నే బందీగా అప్పగించేవాడు. ఇవేవీ ఫలించకపోతే పశువుల జప్తు. ముందు నోటీసు, తరువాత గడువు, తరువాత పశువులను తోలుకుపోవడం, బందెలదొడ్డిలో ఉంచడం, అక్కడ కూడా గడువు దాటితే రోజుకు కొన్ని పశువుల చొప్పున యజమానికి హక్కు పోవడం, ఇలా ప్రతి మెట్టుకూ రోజుల లెక్కతో నియమాలు ఉన్నాయి. పద్ధతి తప్పి తోలుకుపోయినవాడే జరిమానా కట్టాల్సి వచ్చేది, కనుక జప్తుకు న్యాయం తెలిసినవాడి సలహా అవసరం. న్యాయమూర్తులకూ న్యాయవాదులకూ రోజువారీ పని ఎక్కువగా ఇక్కడే దొరికేది.

బాకీ పడినవాడు రాజో, బిషప్పో, పెద్ద కవో అయితే నేరుగా పశువులు తోలుకుపోకూడదు. ముందు అతని గుమ్మం ముందు ఉపవాసం ఉండాలి. లోపలివాడు పూచీ ఇవ్వకుండా భోజనం చేస్తే బాకీ రెట్టింపవుతుంది. ఉపవాసాన్ని లెక్కచేయనివాడికి ఆ తరువాత ఎవరూ ఏమీ చెల్లించనక్కరలేదు, అంటే చట్టం అతన్ని వదిలేస్తుంది. ఇది చదవగానే మీకు ధర్నా, అంటే పూర్వం అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మం ముందు కూర్చునే ఆచారం, గుర్తొస్తుంది. ఆ పోలిక కొత్తది కాదు, నిజంగా మన దేశానికీ ఐరిష్ చట్ట అధ్యయనానికీ ఉన్న బంధం ఇదే. 1862 నుంచి 1869 వరకు వైస్రాయి కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడిగా ఉన్న ఇంగ్లిష్ న్యాయ పండితుడు హెన్రీ మెయిన్, 1875 నాటికి ఈ రెండు ఆచారాలనూ పక్కపక్కన పెట్టి చర్చించాడు. 1862లో మద్రాసుకు వచ్చిన విట్లీ స్టోక్స్ డబ్లిన్‌లో పుట్టినవాడు, పాత ఐరిష్ భాషలో ఉద్దండుడు. 1877 నుంచి 1882 వరకు న్యాయ సభ్యుడిగా పనిచేశాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, ఈజ్‌మెంట్ల చట్టం ఆయన హయాంలో వచ్చినవే. అంటే నేను దారి హక్కుల దావాలలో ముప్పై ఏళ్లుగా వాడుతున్న చట్టం వెలువడిన రోజుల్లో ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి, కలకత్తాలో ఉంటూ ఐరిష్ గ్రంథాలు అచ్చు వేయించినవాడు.

ఎలాంటి తగవులు వచ్చేవో రెండు ఉదాహరణలు చెబుతాను. హత్య జరిగితే ఉరి సాధారణ మార్గం కాదు. స్వతంత్రుడి ప్రాణానికి 7 కుమల్‌లు పరిహారం. అది చనిపోయినవాడి హోదాతో సంబంధం లేకుండా ఒకటే. దాని పైన బంధువులకు వారి వారి ముఖపు వెల. కుమల్ అంటే అసలు అర్థం ఆడ బానిస, తరువాత అది సుమారు మూడు పాడి ఆవుల విలువకు కొలతగా మారింది. ఆ మాట అర్థం తెలిసిన తరువాత ఈ చట్టాన్ని ఆదర్శ లోకంగా చూపడం నాకు సాధ్యం కాదు. కొలతే ఒక బానిస స్త్రీ అయిన సమాజం అది.

రెండోది తేనెటీగల చట్టం. తేనెటీగ పొరుగు పొలాల పూల మీద బతుకుతుంది కనుక కొన్నేళ్ల తరువాత పొరుగువారికి కొత్త తుట్టెలలో వాటా రావాలంటుంది ఆ గ్రంథం. ఈగ కుట్టి కన్ను పోతే, ఏ తుట్టెలోని ఈగ కుట్టిందో చెప్పలేరు కనుక చీట్లు వేసి ఒక తుట్టెను బాధితుడికి ఇప్పించాలి. దీనికి మొదటి ఉదాహరణగా 7వ శతాబ్దపు రాజు కొన్గల్ కేఖ్‌ను చూపుతుంది. తేనెటీగలు కుట్టి ఒక కన్ను పోవడంతో తారా అనే ప్రసిద్ధ రాజపీఠం మీది సింహాసనం కూడా పోయిందట, ఎందుకంటే అంగలోపం ఉన్నవాడు రాజుగా ఉండరాదు. నేరుగా చూపలేని కారణానికి బాధ్యత ఎలా పంచాలన్నది నేటి ప్రమాద పరిహార కేసులలో కూడా తల పట్టుకోవాల్సిన ప్రశ్నే.

12వ శతాబ్దం తరువాత న్యాయమూర్తి బతుకు మారింది. వృత్తి కొన్ని వంశాల చేతిలో నిలిచింది. కొన్నాఖ్ట్‌లోనూ దాని చుట్టుపక్కలా మెక్ ఈగన్లు, థోమండ్‌లో ఓ బ్రయన్ల దగ్గర మెక్ క్లాన్సీలు, క్లేర్ రాతి నేలలో ఓ డావొరెన్లు, ఫర్మానాలో ఓ బ్రెస్లిన్లు ప్రధానులు. కాహర్‌మక్‌నాటెన్ అనే రాతి కోటలో ఓ డావొరెన్ల చట్ట పాఠశాల నడిచేది. 1560లలో అక్కడి శిష్యులు రాసిన ప్రతి లండన్‌లో ఉంది, దాని అంచులలో వారి సొంత గోడు కూడా ఉంది. ఈ వంశాల పని ప్రధానంగా 8వ శతాబ్దపు మూలాన్ని పెద్ద అక్షరాలలో రాసి, చుట్టూ చిన్న అక్షరాలతో టీకలు, వాటి మీద మరిన్ని వ్యాఖ్యలు చేర్చడం. యాజ్ఞవల్క్య స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్య రాసి, పాత మాటను కొత్త కాలానికి పనికొచ్చేలా చేసిన తీరు తెలిసినవారికి ఈ శ్రమ విలువ వెంటనే బోధపడుతుంది.

అది భద్రమైన ఉద్యోగం కాదు. గిల్లా నా నేవ్ మెక్ ఈగన్ కొన్నాఖ్ట్‌కు ప్రధాన న్యాయ పండితుడు, అందరికీ అర్థమయ్యేలా ఒక చట్ట గ్రంథం కూర్చినవాడు. 1309లో తన రాజు పక్షాన ఉండగా ఆ రాజుతో పాటే చంపబడ్డాడు. రాజును నమ్ముకున్న పండితుడు రాజకీయానికి దూరంగా ఉండలేడు. ఆ తరువాతి తరంలో అదే వంశపు యువకుడు ఏధ్ రాసిన నాలుగు పంక్తులు నన్ను ఇప్పటికీ వెంటాడతాయి. 1350 క్రిస్మస్ ముందు రాత్రి, ఇరవై ఏళ్లు దాటిన ఆ కుర్రవాడు తన తండ్రి కొన్‌ఖొవర్ పుస్తకంలో, షెన్‌ఖస్ మార్ పుట అంచున, మహమ్మారి ఐర్లండ్‌కు వచ్చి ఇది రెండో ఏడాది అని రాసి, అది తననూ తన వారినీ తప్పించి పోవాలని దేవుణ్ణి వేడుకున్నాడు. సరిగ్గా ఏడాది తరువాత అదే రాత్రి మళ్లీ ఆ పుట తీసి, ఇంకా బతికి ఉన్నానని, వచ్చే ఏడాది రాత్రి కూడా చేరనివ్వమని చేర్చాడు. ఆ పుస్తకం డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉంది. ఆయన 1359లో మరణించాడు. ఐర్లండ్ న్యాయమూర్తులలో శ్రేష్ఠుడని వార్షిక చరిత్రలు రాశాయి.

చివరిగా ఒక జాగ్రత్త. ఇంగ్లిష్ ప్రభుత్వ కాగితాలను మాత్రమే చదివితే బ్రెహన్లు 14వ శతాబ్దంలోనే అంతమైనట్టు తోస్తుంది. 1277 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ ఐరిష్ చట్టాలు దేవుడికి అసహ్యమైనవన్నాడు. 1366 నాటి కిల్కెన్నీ శాసనం ఇంగ్లిష్ వారెవరూ బ్రెహన్ చట్టాన్ని ఆశ్రయించకూడదంది. నిషేధించవలసి వచ్చిందంటేనే వారూ ఆశ్రయిస్తున్నారని అర్థం. డెస్మండ్ ప్రభువుల వంటి ఇంగ్లిష్ మూలాల కుటుంబాలు 16వ శతాబ్దం దాకా తమ బ్రెహన్లను పెట్టుకున్నాయి, ఎందుకంటే సరిహద్దు ప్రాంతంలో ఇరుపక్షాలూ ఒప్పుకునే తీర్పు వారే ఇవ్వగలిగేవారు. అసలు ముగింపు 1606 నుంచి 1608 మధ్య, ఐరిష్ వారసత్వ పద్ధతులను డబ్లిన్ కోర్టులు చెల్లవన్నప్పుడు వచ్చింది.

ఆ రోజుల్లోనే అటార్నీ జనరల్ జాన్ డేవిస్ ఫర్మానాకు వెళ్లి, అక్కడి భూముల లెక్క తెలిసిన ముసలి బ్రెహన్ ఓ బ్రెస్లిన్‌ను పిలిపించిన సంగతి తన లేఖలో రాశాడు. నడవలేని స్థితిలో ఉన్న ఆ వృద్ధుడు మొదట, ఆ లెక్క రాసి ఉన్న పత్రాన్ని సైనికులు కాల్చేశారన్నాడు. గట్టిగా అడిగితే నిట్టూర్చి, అది తన ప్రాణం కంటే ప్రియమైనదని, అక్కడే ఉన్న ప్రభుత్వ ఉన్నత న్యాయాధికారి చాన్సలర్ తిరిగి ఇస్తానని మాట ఇస్తే తప్ప చూపనని చెప్పాడు. చాన్సలర్ చేతిలో చేయి వేసి మాట ఇచ్చిన తరువాత, ఎప్పుడూ తన గుండెలకు ఆనించి మోసే ఆ చుట్టను పైకి తీశాడు. అది పెద్దదేమీ కాదు, రెండు వైపులా చక్కని ఐరిష్ అక్షరాలతో రాసి ఉంది, కొంత భాగం అరిగి చెరిగిపోయింది.